తొమ్మిదో గడి

“ముప్పై ఎనిమిది రోజులా?”

తల్లి ఫోను బల్ల మీద పెట్టింది. మళ్లీ తీసి చదివింది. మొదటిసారీ సరిగానే చదివింది. కాలేజీ కౌన్సెలింగ్ కేంద్రం పంపిన సందేశంలో నాలుగు వాక్యాలున్నాయి. మీ జవాబులు చూశాం. మీ పరిస్థితి సాధారణ జాబితాలోకి వస్తుంది. మీ వంతు ముప్పై ఎనిమిది రోజుల తరువాత. మీ క్షేమమే మా ధ్యేయం.

“ఎవరి పరిస్థితి సాధారణం?” అంది.

తండ్రి కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. సాయంత్రం షిఫ్టు. లేసు ముడి వేస్తున్నవాడు తల ఎత్తలేదు.

“కాస్త గట్టిగా చదువమ్మాయ్, నాకు వినపడలేదు,” అంది కిటికీ పక్క నుంచి బామ్మ.

“వినపడకపోవడమే మంచిది అత్తయ్యా.”

బల్లకు నాలుగు అడుగుల దూరంలో చిన్నదాని గది తలుపు ఉంది. ఇరవై రెండు రోజులుగా మూసే ఉంది. ఇంట్లో ఒక్కతే బిడ్డ అయినా పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల అందరికీ చిన్నదే. పరీక్ష హాల్లో చేతులు వణికి, తెల్ల కాగితం ఇచ్చేసి ఇంటికొచ్చిన రోజు, ఆ తలుపు వేసుకుంటూ ఒక్క మాట అంది: “తలుపు కొట్టకండి.” ఎవరూ కొట్టలేదు. గుమ్మం దగ్గర పళ్లెం పెట్టడం, సగం మిగిలిన పళ్లెం తీయడం, అంతే.

పోయిన వారం తలుపు సందులోంచి ఇంకో మాట వచ్చింది. “కాలేజీలో మాట్లాడే మేడమ్ ఒకరు ఉంటారంటమ్మా. నేను వెళ్తాను.” ఆ మాట విని తల్లి వంటింట్లోకి పోయి, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది. ఏడ్చి, మొగుడితో “మీ దారే కదా, ఆ కేంద్రం నుంచి ఫారం తెచ్చిపెట్టండి” అని చెప్పి ల్యాబుకు వెళ్లిపోయింది.

“ఫారం తెమ్మన్నాను,” అంది ఇప్పుడు. “తెచ్చారా?”

“తేవడం, మళ్లీ పట్టుకెళ్లడం ఎందుకని అక్కడే నింపి ఇచ్చేశాను.”

“మీరు నింపారా?”

“పేరు, తరగతి, ఫోను నంబరు. మన ఇంటి పిల్ల వివరాలు నాకు తెలియవా?”

“ప్రశ్నలుంటాయి కదా?”

“ఉన్నాయి. తొమ్మిది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా గడులు. సున్నా అంటే అసలు లేదు, మూడంటే రోజూ ఉంది. టిక్కు పెట్టాలి.”

“ఎక్కడ పెట్టారు?”

తండ్రి రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు. వేసుకోలేదు.

“సున్నాలో.”

“నిద్ర పట్టడం లేదా అని అడిగారా?”

“అడిగారు.”

“సున్నా?”

“ఊఁ.”

“తిండి?”

“అదీ అంతే.”

“ఇరవై రెండు రోజులుగా సగం పళ్లెం వెనక్కొస్తోంది. ఆ పళ్లెం కడిగేది మీరే! కడిగిన చేత్తోనే టిక్కు పెట్టారా?”

“నెమ్మదిగా మాట్లాడు. దానికి వినిపిస్తుంది.”

“మీరు చేసింది వినిపించకూడదు, నేను అడిగేది వినిపించకూడదు. ఈ ఇంట్లో వినిపించాల్సింది ఏది మరి?”

తండ్రి లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో అరవై మూడు లిఫ్టులు ఆయన చేతి కింద ఉన్నాయి. నెలకోసారి ఒక్కోదానికీ ఒక కాగితం నింపుతాడు. తాడు, బ్రేకు, తలుపు, మీట, గంట. ఇరవై ఆరేళ్లలో ఆయన నింపిన కాగితం ఒక్కటి వెనక్కి రాలేదు. ఒక్క గడి ఖాళీగా పోలేదు.

“నువ్వు కోప్పడకుండా విను,” అన్నాడు. “లిఫ్టులో లోపం ఉందని కాగితం మీద రాశామనుకో, ఆ కాగితం పదేళ్లు ఫైల్లో ఉంటుంది. తరువాత ఎంత బాగు చేసినా సరే, అది ఎక్కడానికి ప్రతివాడూ జంకుతాడు. అందుకని ముందు బాగు చేస్తాం. ఆ తరువాతే రాస్తాం, సక్రమంగా ఉందని. రేపు దానికి ఉద్యోగం ఇచ్చేవాడి చేతిలో ఆ ఫారం పడితే?”

“బాగు చేశాకే కదా రాస్తారు?”

“అవును.”

“మరి ఏం బాగు చేశారని రాశారు?”

తండ్రి చేతిలోని బూటు తిప్పి అడుగు చూశాడు. జవాబు బామ్మ చెప్పింది.

“వాళ్ల నాన్నా అంతే. గుండె పట్టేసి పడిపోయిన రోజున డాక్టరు ఏమైందని అడిగితే ‘ఏం లేదండీ, గ్యాసు’ అన్నాడు. ఈ వంశంలో ఎవరిని అడిగినా ఏం లేదండీ.”

“అమ్మా, నువ్వు ఆగు.”

“ఆగే ఉన్నానురా. నువ్వు పుట్టకముందు నుంచీ ఆగే ఉన్నాను.”

తల్లి ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కేంద్రం నంబరు ఆరోసారికి కలిసింది.

“ఒక పొరపాటు జరిగిందండీ. మా అమ్మాయి ఫారం వాళ్ల నాన్న నింపారు.”

“అలా నింపకూడదు మేడమ్,” అంది అవతల కౌంటరు ఆవిడ.

“కూడదనే ఫోన్ చేశాను. అది తీసేసి, నేను చెప్పేవి రాసుకోండి.”

“మీరూ చెప్పకూడదు మేడమ్. విద్యార్థే నింపాలి.”

“మరి మా ఆయన నింపితే ఎలా తీసుకున్నారు?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “పేరు అమ్మాయిదే ఉంది కదా మేడమ్.”

“సరే, ఆయన ఏమేం రాశారో ఒక్కసారి చదవండి. నాకు తెలియాలి.”

“కుదరదు. విద్యార్థి జవాబులు తల్లిదండ్రులకు చెప్పం. గోప్యం.”

“అవి విద్యార్థి జవాబులు కావు, మా ఆయనవి. నా మొగుడు రాసింది నాకు చెప్పడానికి గోప్యమేంటండీ?”

“పేరు అమ్మాయిదే ఉంది మేడమ్.”

తల్లి నుదురు గోడకు ఆనించింది. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పని కూడా కౌంటరే. రక్తపరీక్షల ల్యాబులో నమూనాలు తీసుకుంటుంది. సీసా మీద పేరు ఒకటీ, కాగితం మీద పేరు ఒకటీ ఉంటే సీసా పారేసి మళ్లీ రక్తం తీయిస్తుంది. ఎంతమంది తన ముందు ఇలాగే బతిమాలారో, ఎంతమందికి తను ఇదే గొంతుతో కుదరదని చెప్పిందో ఇప్పుడు గుర్తొచ్చింది.

“ఇప్పుడేం చేయాలో చెప్పండి,” అంది.

“అమ్మాయి స్వయంగా వచ్చి కొత్త ఫారం ఇవ్వాలి. ఇక్కడ నాలుగు వేల మందికి ఒక్క కౌన్సెలర్ మేడమే. రెండో పోస్టు రెండేళ్లుగా భర్తీ కాలేదు. రోజూ సాయంత్రం నాలుగింటి వంతు మాత్రం అత్యవసరం వాళ్ల కోసం అట్టిపెడతాం. ఇవాళ ఇంకా ఎవరూ రాలేదు. ఫారం నాలుగులోపు నా చేతికి రావాలి. దాటితే కంప్యూటరు మూసేస్తుంది.”

“అత్యవసరమని ఎలా తేలుస్తారు?”

“జవాబులను బట్టి.”

“ఏ జవాబులు?”

“అది ముందే చెప్పకూడదు మేడమ్.”

గడియారం రెండు నలభై చూపిస్తోంది. బస్సులో అరగంట. తల్లి చేతులు తుడుచుకుని చిన్నదాని గది ముందుకొచ్చి నిలబడింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. చేయి ఎత్తింది. కొట్టకుండానే తలుపు తెరుచుకుంది.

చిన్నది తల దువ్వుకోలేదు. నాలుగు రోజుల కిందటి చొక్కానే ఒంటి మీద ఉంది. తల్లి భుజం మీదుగా తండ్రిని చూసింది.

“బాగున్నానని రాశావా?”

తండ్రి లేచాడు. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. “నీ మంచి కోసమే అమ్మా…”

“బాగున్నానా నాన్నా?”

ఆయన కళ్లు దించుకున్నాడు.

“చెప్పు. టిక్కు పెట్టావుగా. అప్పుడు చూడకుండా పెట్టావు, ఇప్పుడు చూసి చెప్పు.”

వీధిలో ఎవరో ఇంటి ముందు స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది.

“పదమ్మా,” అంది చిన్నది. “నేనే రాస్తాను.”

చెప్పులు వెతుక్కుంటుంటే బామ్మ తనలో తను అనుకున్నట్టు, అందరికీ వినపడేట్టు అంది: “కోపం వచ్చింది. పోన్లే, పొయ్యిలో నిప్పుందన్న మాట.”

“నేనూ వస్తాను,” అన్నాడు తండ్రి.

“నువ్వెందుకు? బాగానే ఉన్నాగా,” అంది చిన్నది.

అయినా వచ్చాడు. బస్సులో వాళ్ల వెనక మూడో సీట్లో కూర్చున్నాడు. ఫోను తీసి షిఫ్టుకు రాలేనని చెప్పాడు. కారణం అడిగినట్టున్నారు. “ఏం లేదు, ఇంట్లో చిన్న పని,” అన్నాడు. చిన్నది కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆ మాట వినపడ్డట్టు తల్లికి తెలుస్తూనే ఉంది.

కేంద్రం కాలేజీ పాత భవనంలో నాలుగో అంతస్తులో ఉంది. కింద లిఫ్టుకు ‘పనిచేయదు’ అన్న అట్టముక్క వేలాడుతోంది. దాని మీద దుమ్ము చూస్తే ఈ నెలది కాదని తెలుస్తోంది. తండ్రి తలుపు సందులో కన్ను పెట్టి చూశాడు. మీట నొక్కి చెవి ఆనించాడు.

“తలుపు దగ్గర కాంటాక్టు పోయింది. పది నిమిషాల పని. వేరే కంపెనీది, తాళం వాళ్ల దగ్గరుంటుంది.”

“ఎందుకు శ్రమ?” అంది తల్లి. “సక్రమంగా ఉందని రాసిచ్చెయ్యండి, అదే కదుల్తుంది.”

తండ్రి అట్టముక్కను సరిగ్గా వేలాడేట్టు సర్ది పక్కకొచ్చాడు.

మెట్ల పక్కన బల్ల మీద ఖాళీ ఫారాలున్నాయి. చిన్నది ఒకటి తీసుకుని బెంచీ చివర కూర్చుంది. ఎడమ చేయి అడ్డం పెట్టుకుని రాసింది. తల్లి దూరంగా నిలబడి నోటీసు బోర్డు చదివింది. పోయిన సంవత్సరం పరీక్షల తేదీలు రెండుసార్లు చదివింది. పెన్ను గీతలు ఎనిమిదిదాకా త్వరగానే వినపడ్డాయి. ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. చిన్నది కాగితం రెండు మడతలు పెట్టి లేచింది.

మొదటి అంతస్తు ఎక్కింది. రెండో అంతస్తు మెట్లెక్కి కమ్మీ పట్టుకుని ఆగింది. మెట్టు మీద కూలబడింది.

“రెండు నిమిషాలమ్మా. కాళ్లు రావట్లేదు.”

నాలుగుకు పద్నాలుగు నిమిషాలుంది. తండ్రి ఒక మెట్టు కింద కూర్చుని నీళ్ల సీసా మూత తీశాడు. చిన్నది తీసుకోలేదు, వద్దనీ అనలేదు. మడత కాగితం తల్లికిచ్చింది.

“ఇది పైన ఇచ్చేసెయ్. నేనొస్తాను. విప్పకు.”

“విప్పను.”

మిగిలిన రెండంతస్తులు తల్లి ఆగకుండా ఎక్కింది. కౌంటరు ఆవిడ కళ్లజోడుకు దారం కట్టుకుని ఉంది. పక్కనే మూసిన తలుపు. దాని మీద కాగితం అంటించి ఉంది: ‘లోపల మాట్లాడుతున్నారు. తలుపు కొట్టవద్దు.’

“పొద్దున్నుంచి… కాదు, ఇందాక ఫోన్ చేసింది నేనేనండీ,” అంది తల్లి. ఆయాసంతో మాట తడబడింది. “అమ్మాయి రెండో అంతస్తులో ఉంది. వచ్చేస్తుంది. ఈలోపు ఎక్కించేయండి.”

కౌంటరు ఆవిడ తొంగి మెట్ల వైపు చూసింది. ఫారం విప్పింది. చూపుడు వేలు ఒక్కో వరుస మీద పెడుతూ కంప్యూటరులో కొట్టింది. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

“తొమ్మిదోది ఖాళీగా ఉంది.”

“ఏమిటది తొమ్మిదోది?”

ఆవిడ కౌంటరు మీదున్న ఖాళీ ఫారం ఇటు తిప్పింది. తల్లి చదివింది. బతికి ఉండకపోతేనే నయం అని మీకు అనిపించిందా? సున్నా, ఒకటి, రెండు, మూడు.

మిగతా ఎనిమిది ప్రశ్నలూ ల్యాబులో అడిగేవాటి లాంటివే. నిద్ర, ఆకలి, నీరసం. తల్లి తొమ్మిదోది మళ్లీ చదవలేకపోయింది.

“ఖాళీగా ఉంటే?” అంది.

“కంప్యూటరు సున్నా కింద తీసుకుంటుంది.”

“ఖాళీ సున్నా ఎలా అవుతుంది? మా ల్యాబులో గడి ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి పంపిస్తాం. మనిషిని పిలిచి మళ్లీ అడుగుతాం.”

“ఇక్కడ అడగడానికి మనిషి ఉండాలి కదా మేడమ్. ఆ రెండో పోస్టు పని అదే.” కౌంటరు ఆవిడ తెర వైపు చూస్తూ చెప్పింది. “మిగతావన్నీ రెండులూ మూడులే. ముప్పై ఎనిమిది రోజుల నుంచి పన్నెండుకు తెచ్చాను. ఇవాళ్టిది మాత్రం తొమ్మిదో గడిలో కనీసం ఒకటి ఉంటేనే తీసుకుంటుంది.”

“పన్నెండు రోజులా? ఇవాళ గదిలోంచి బయటికొచ్చింది. ఇప్పుడు వెనక్కి పంపితే మళ్లీ వస్తుందా?”

“నాకు అర్థమైంది మేడమ్. కంప్యూటరుకు అర్థం కావాలి.”

ఆవిడ గోడ గడియారం చూసింది. ఏడు నిమిషాలుంది. ఫారాన్ని తల్లి ముందుకు జరిపింది. కౌంటరుకు దారంతో కట్టిన పెన్నును దాని పక్కన పెట్టింది.

“అమ్మాయి రాయడం మరిచిపోయిందేమో,” అంది. “నేను లోపల ఫైలు చూసుకుని వస్తాను.”

ఫైళ్ల గదిలోకి వెళ్లింది. బయట తల్లి ఒక్కతే ఉంది.

పెన్ను చేతిలోకి తీసుకుంది. ఒక్క టిక్కు. ఒకటిలో పెడితే చాలు. అబద్ధం అవుతుందో కాదో ఎవరికి తెలుసు? నిజమే అయితే? ఆ ఆలోచన వచ్చాక పెన్ను కాగితం మీద ఆనలేదు. కిందికి వెళ్లి అడగొచ్చు. అడిగితే చిన్నది ఏమంటుందో తెలుసు. ఏం లేదమ్మా అంటుంది. ఆ పిల్లదీ ఆ వంశమే.

పిలుద్దామని మెట్ల కమ్మీ దగ్గరికి వచ్చింది. కింద నుంచి మాటలు వినపడుతున్నాయి. ఇరవై రెండు రోజుల్లో తండ్రీ కూతుళ్లు అన్ని మాటలు మాట్లాడుకోవడం ఆవిడ వినలేదు.

“తొమ్మిదోదాంట్లో కూడా సున్నాయేనా నాన్నా?”

“కాదు.”

“మరి?”

“వదిలేశాను. ఖాళీగా.”

“నువ్వా? ఖాళీగానా?”

“చదివాక చెయ్యి ఆడలేదమ్మా. సున్నా అని పెడదామంటే, నాకేం తెలుసు? నిన్ను అడగలేదు కదా.”

సీసా మూత తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

“అడుగుదామని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాను,” అన్నాడు తండ్రి. “తలుపు కొట్టొద్దన్నావు.”

“నాకూ చెయ్యి ఆడలేదు నాన్నా,” అంది చిన్నది.

తల్లి కమ్మీ వదిలేసింది. కింది మెట్ల మీద ఎవరో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు ఎవరిదో పోల్చుకోవడానికి ఆగలేదు.

తిరిగి వచ్చేసరికి కౌంటరు ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఫారం తిప్పి చూసింది. గడి అలాగే ఉంది.

“రాయలేదా మేడమ్?”

“అది నేను రాసేది కాదండీ.”

“మూడు నిమిషాలే ఉంది. అమ్మాయిని పిలవండి మరి.”

“పిలిస్తే వస్తుంది. వచ్చి మళ్లీ ఖాళీగానే వదిలేస్తుంది. రెండు కాగితాల్లోనూ ఆ గడి ఖాళీయే. దాన్ని ఎవరో ఒకరు నోటితో అడగాలి. అడగడం తెలిసినవాళ్లు అడగాలి.”

“లోపల మేడమ్ ఇంకొకరితో ఉన్నారు. నాలుగు అయ్యాక చెబుతాను.”

“నాలుగు అయితే మూసేస్తుందన్నారు.”

“అవును మేడమ్.”

“మరి ఎప్పుడు చెబుతారు?”

కౌంటరు ఆవిడ కళ్లజోడు తీసింది.

తల్లి ఫారం చేతిలోకి తీసుకుంది. మూసిన తలుపు ముందుకు నడిచింది. కాగితం మీద రాసింది చదివింది. ఇంట్లో కాగితం అంటించలేదు కానీ అదే మాట. దానికి ఇరవై రెండు రోజులు కట్టుబడింది.

“మేడమ్, వద్దు,” అంటూ కౌంటరు ఆవిడ కుర్చీలోంచి లేచింది. “లోపల ఇంకొకళ్ల బిడ్డ ఉంది మేడమ్.”

తల్లికి అదీ వినపడుతూనే ఉంది. తలుపు అవతల ఒక ఆడపిల్ల గొంతు, ఆగి ఆగి, ఏదో చెప్పుకొస్తోంది.

తల్లి తలుపు కొట్టింది.

ఆ గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.